పాత మెకానికల్ కెమెరాలు, తరువాతి కెమెరాలు: గోదావరి తేమలో మన్నిక, మరమ్మతు

ఫిల్ము కెమెరాల మీద మోజు మళ్లీ మొదలైనప్పటి నుంచి, కొత్తగా కొనదలచినవారికి అందరూ ఇచ్చే సలహా ఒకటుంది: మెకానికల్ కెమెరా తీసుకోండి, అది చెడిపోదు. అమలాపురం, భీమవరం ప్రాంతాల ఉక్కలో రెండు రకాల కెమెరాలనూ వాడుతున్నవాడిగా ఈ సలహాను నేను సగమే ఒప్పుకుంటాను. మెకానికల్ కెమెరా కూడా చెడిపోతుంది, కాకపోతే చెడిపోయిన సంగతిని చాలాకాలం బయటపడనివ్వదు. ఎలక్ట్రానిక్ కెమెరా అయితే చెడిన రోజునే మొరాయించి కూర్చుంటుంది. అయినా నా ఓటు పాతదానికే. దాన్ని విప్పి బాగుచేయగలిగినవారు మన జిల్లాల్లో ఇంకా దొరుకుతున్నారు.

ముందుగా పెంటాక్స్ కె1000 సంగతి చూద్దాం. 1976లో మొదలై 1997 దాకా తయారైన ఈ కెమెరాలో ఒక బటన్ బ్యాటరీ ఉంటుంది గానీ అది వెలుగును కొలిచే మీటరు ముల్లును కదిలించడానికే. షట్టరు పూర్తిగా స్ప్రింగులతో, పళ్ల చక్రాలతో నడుస్తుంది. (ఆ మీటరుకు ఆపే స్విచ్ లేదు, లెన్సుకు మూత పెట్టకపోతే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.) ఫిల్ము ముందు రెండు గుడ్డ తెరలు అడ్డంగా పరుగెడతాయి, మొదటిది తప్పుకుంటే వెలుగు పడుతుంది, రెండోది వచ్చి మూసేస్తుంది. 1/1000 సెకను దగ్గర రెండో తెర మొదటిదాని వెన్నంటే బయలుదేరుతుంది కాబట్టి వాటి మధ్య సన్నని సందు మాత్రమే ఫిల్ము మీదుగా సాగిపోతుంది. ఏళ్లు గడిచి గ్రీజు గట్టిపడి మొదటి తెర మందగించిందంటే, రెండోది దాన్ని అందుకుంటుంది, ఫోటోలో ఒక అంచు నల్లబడుతుంది. నెమ్మది వేగాలను నడిపే చక్రాల వరుసలో మడ్డి చేరితే ఒక సెకను కాస్తా ఒకటిన్నర అవుతుంది, ఒక్కోసారి మధ్యలోనే ఆగిపోతుంది. ఇలా షట్టరు నిదానించి వెలుగు ఎక్కువ పడినా నెగటివ్ ఫిల్ము ఒకటి రెండు స్టాపుల దాకా (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం) భరిస్తుంది గనుక వాడేవారికి అనుమానమే రాదు. వెలుగు తేడాను అంతగా భరించని స్లైడు ఫిల్ము వేస్తే మాత్రం మొదటి రీలులోనే బండారం బయటపడుతుంది. రంగుల రీలు కడిగించడానికి కొరియరులో పై ఊరికి పంపుకునే మాలాంటివారికి ఆ సంగతి తెలిసేసరికి పెళ్లీ అయిపోతుంది, పందిరీ పీకేస్తారు.

అందుకే పాత కెమెరా ధరలో సర్వీసింగ్ ఖర్చును కూడా కలుపుకోవాలని నా అభిప్రాయం. రాజమహేంద్రవరంలో నేను కెమెరాలు ఇచ్చే కొట్టు బోర్డు మీద గడియారాల రిపేరు అని మాత్రమే ఉంటుంది. అక్కడి పెద్దాయన కెమెరా చేతికి రాగానే వెనక మూత తెరిచి, దాన్ని కిటికీ వెలుతురు వైపు పట్టుకుని ఒక్కో వేగం దగ్గరా షట్టరు నొక్కి చూస్తారు; ఒక సెకను దగ్గరికి వచ్చేసరికి కెమెరాను చెవికి ఆనించుకుని చక్రాల కిర్రుమనే చప్పుడు చివరిదాకా సమంగా ఉందో లేదో వింటారు. సెన్సారు బిగించిన చిన్న టెస్టరు బయటికి వచ్చేది ఆ తరువాతే. జపాను కెమెరాల మరలకు మన బజారులో దొరికే స్టార్ స్క్రూడ్రైవరు సరిగా కూర్చోదు, తలలు అరిగిపోతాయి. ఆయన దగ్గర వాటికి వేరే సెట్టు ఉంది. అరిగిన మర కనబడగానే "దీంట్లో ముందే ఎవరో చెయ్యి పెట్టారండి" అని, అదనంగా పట్టే ఖర్చు ముందే చెప్పేస్తారు. వెనక మూత గాడుల్లో స్పాంజి తారులా కరిగి అంటుకుపోయి ఉంటే, దాన్ని వెదురు పుల్లతో, స్పిరిట్‌తో గీకి తీసి, ఆ గాడిలో నల్ల ఉన్ని దారం అతికిస్తారు. చూడటానికి నాటుగా ఉన్నా వెలుగు మాత్రం చొరబడదు. ఆయన చేతిలో పడి వచ్చిన కెమెరాలేవీ నన్ను ఇబ్బంది పెట్టలేదు. నా ఫిర్యాదులు వేరే ఉన్నాయి: రసీదు రాయరు, చెప్పిన తేదీకి ఎన్నడూ ఇవ్వరు, ఫోను చేస్తే ఎత్తరు. ఇక ఎలక్ట్రానిక్ కెమెరా చూపిస్తే "సర్క్యూటు బోర్డున్నది నాకొద్దండి" అని ముట్టుకోకుండానే తిప్పి పంపుతారు.

ఆయన జంకు అర్థం లేనిది కాదు. కె1000 వచ్చిన 1976లోనే వచ్చిన కానన్ ఏఈ-1 మైక్రోప్రాసెసరుతో వచ్చిన తొలి ఎస్ఎల్ఆర్ (లోపలి అద్దం సాయంతో లెన్సులోంచే చూసి తీసే కెమెరా). ఆరు వోల్టుల బ్యాటరీ అయిపోతే అందులో షట్టరు నొక్కుడే పడదు. అద్దం లేచేటప్పుడు దగ్గినట్టు కీచుమనే దాని జబ్బుకు, నూనె ఎండిన చక్రం దగ్గర సరైన చోట ఒక్క చుక్క వేస్తే చాలు. సర్క్యూటు పోతే మాత్రం మరో చచ్చిన కెమెరాలోంచి పీకి వేయడమే గతి. 1987 నాటి కానన్ ఈఓఎస్ 650, ఆ కుటుంబంలోని మరికొన్ని కెమెరాల్లో షట్టరు రెక్కలను ఆపే మెత్త జిగురుగా మారి రెక్కలకు అంటుకుంటుంది. అది తుడిచినా మళ్లీ రావడం మామూలే. తొంభైల నాటి చిన్న ఆటోఫోకస్ కెమెరాల్లోనైతే, మడతపెట్టిన పల్చని సర్క్యూటు తీగ ఒకచోట చిట్లితే చాలు, కెమెరా మొత్తం పక్కన పెట్టేయాల్సిందే. అయితే అవి పనిచేసినన్నాళ్లూ షట్టరు వేగం తేడా రాదు, మీటరు నమ్మదగినది, ప్రభల తీర్థం జనంలో పరుగెత్తే పిల్లల మీద ఫోకస్ అవే పెట్టుకుంటాయి. ఆ పని కె1000తో చేయడం కష్టం.

మెకానికల్ షట్టరు, 1/4000 సెకను వేగం రెండూ కావాలంటే 1982 నాటి నికాన్ ఎఫ్ఎం2 ఉంది. అందులో నాకు నచ్చనిది ధర ఒక్కటే.

మన ప్రాంతంలో ఈ రెండు జాతులకూ ఉమ్మడి శత్రువు బూజు. చుట్టూ కాలువలు, వరి చేలు, చేపల చెరువులు ఉన్నచోట వానాకాలమంతా గాలిలో తేమ దిగదు. లెన్సు లోపల సాలెగూడు పోగుల్లా మొదలైన బూజు, వదిలేస్తే అద్దం మీది పూతను తినేస్తుంది. అప్పుడు శుభ్రం చేసినా మరక పోదు. తోలు కవరులో పెట్టి బీరువాలో దాచడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి, ఎందుకంటే తోలు తేమను పట్టి ఉంచుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో నీలం రంగు సిలికా జెల్ వేసి, గులాబీ రంగుకు తిరిగినప్పుడల్లా వేడిచేసి మళ్లీ వాడితే సరిపోతుంది. కొనేముందు లెన్సు వెనక నుంచి సెల్‌ఫోను లైటు వేసి చూడనివ్వని అమ్మకందారు దగ్గర కొనవద్దు.

కొత్తదే కావాలనేవారికి 2024లో వచ్చిన పెంటాక్స్ 17 ఉంది. రీలు చేత్తో తిప్పుకోవాలి, దూరం గుర్తులను చూసి అంచనాగా పెట్టుకోవాలి, సగం ఫ్రేము కాబట్టి 36 ఫోటోల రీలుకు 72 వస్తాయి. వారంటీ దాని అసలు ఆకర్షణ. షట్టరు మాత్రం సీఆర్2 బ్యాటరీతో నడిచే ఎలక్ట్రానిక్‌దే కాబట్టి, వారంటీ తీరాక దీన్ని ఇక్కడ ఎవరూ విప్పరు.

నేర్చుకునేవారు కె1000 కొని వెంటనే సర్వీసింగుకు ఇవ్వండి. డబ్బులు తీసుకుని పెళ్లిళ్లు తీసేవారు ఆటోఫోకస్ బాడీలు రెండు దగ్గర ఉంచుకోండి. 2027 గోదావరి పుష్కరాలను ఫిల్ము మీద తీయాలనుకునేవారు పై పెద్దాయన లాంటివారి దగ్గర ఇప్పుడే వరుసలో నిలబడటం మంచిది. ఆయన చెప్పే తేదీకి రెండు నెలలు కలుపుకోండి.