పాత లారీ సెల్ఫ్: రిపేరా, కొత్తదా?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పత్తి దింపిన పాత లారీ మళ్లీ స్టార్ట్ కాకపోతే డ్రైవరన్నకు ఎంత టెన్షనో నాకు తెలుసు. ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటార్ పాడైతే, ఉన్నదాన్నే బాగు చేయించాలా, కొత్తది బిగించాలా?

నేనైతే ముందు రిపేరు వైపే ఉంటాను. పాత మోటార్‌లో తరచూ అరిగేవి కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు, సోలినాయిడ్ (మోటార్‌కు కరెంటు కలిపే స్విచ్) లోపలి రాగి కాంటాక్టులు. ఇవి విడిగా దొరుకుతాయి. తాళం తిప్పగానే ‘టక్’మని ఒక్క చప్పుడు చేసి ఇంజన్ తిరగలేదంటే, బ్యాటరీలు బాగున్నప్పుడు, చాలాసార్లు తప్పు వీటిలోనే ఉంటుంది. వీటి కోసం మొత్తం మోటార్ పారేయడం నాకు మనసొప్పదు.

ఆర్మేచర్ (మోటార్ లోపల తిరిగే, తీగ చుట్టిన భాగం) కాలిన వాసన వస్తుంటే మాత్రం కొత్తదే మేలు. రీవైండింగ్ (తీగ మళ్లీ చుట్టడం) సరిగా కుదరకపోతే రాత్రిపూట రోడ్డు మీద నిలబడాల్సి వస్తుంది. కొనేముందు వోల్టేజి, పినియన్ (మోటార్ చివరి చిన్న పళ్ల చక్రం) పళ్ల లెక్క పాతదానితో సరిచూడండి. ఇంజన్ వైపు పినియన్ తిప్పే ఫ్లైవీల్ రింగ్ పళ్లు విరిగి ఉంటే కొత్త పినియన్ కూడా పాడవుతుంది.

ఏది చేసినా, విప్పకముందే మీటర్ పెట్టండి. 24 వోల్టుల బండిలో రెండు బ్యాటరీలూ విడివిడిగా 12.6 వోల్టుల దగ్గర చూపాలి. తర్వాత ఇంజన్‌కు, ఛాసిస్‌కు మధ్య ఎర్త్ కేబుల్ (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి) చూడండి. దాని చివర తుప్పు గీకి గట్టిగా బిగించాక బండి అందుకుంటే, రిపేరు ఖర్చూ లేదు, కొత్తదాని ఖర్చూ లేదు.