సోనీ ఎ6400 కెమెరా: రేస్ ట్రాక్ నుంచి మెరీనా దాకా

బాడీ బ్యాటరీతో కలిపి 403 గ్రాములే కాబట్టి, చెన్నై నుంచి ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్ దాకా బైక్ మీద వెళ్లినా భుజం నొప్పి పుట్టలేదు. దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే 70-350 మి.మీ. లెన్స్ తగిలించి, షటర్ వేగం 1/125 సెకనుకి దించి, బైక్‌తో పాటే నడుము తిప్పుతూ తీస్తే చక్రాలు గిర్రున తిరుగుతున్నట్టే, వెనకున్న కంచె గీతల్లా సాగిపోయి, హెల్మెట్ మీది స్టిక్కర్ మాత్రం చక్కగా చదవగలిగేలా వచ్చింది, ఆ ఒక్క ఫోటో కోసం 60 చెరిపేసినా నాకు బాధ లేదు. సెకనుకు 11 ఫోటోలు చాలా ఎక్కువే. బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఉండదు, కాబట్టి అది ఉన్న లెన్సే కొనుక్కోండి. సాయంత్రం మెరీనా బీచ్‌లో సుండల్ (గుగ్గిళ్లు) బండి దగ్గర చిన్న లెన్స్ పెట్టి నిలబడితే, పొట్లం కడుతున్న తాత అసలు తలెత్తనే లేదు!