నేల మీద హాయి, నీటిలో పేచీ: నా బండి సస్పెన్షన్‌తో మూడేళ్లు

మా భూమి నేరేడుగొమ్ము మండలంలో, సాగర్ వెనుక జలాల అంచున ఉంది. జలాశయం 590 అడుగులకు నిండిన ఏడాది నీళ్లు బత్తాయి తోట కింది గట్టు దాకా వస్తాయి. ఎండాకాలం వచ్చేసరికి అవే నీళ్లు అర కిలోమీటరు వెనక్కి పోయి, మధ్యలో మోకాలి లోతు ఒండ్రునూ గుండ్లనూ మిగిల్చి పోతాయి. ఆ నీటి వెంట మోటారునూ పైపులనూ జరుపుకుంటూ పోవడం మాకు ఏటా తప్పని పని. అక్కడ ట్రాక్టరు దిగబడుతుంది, పుట్టి నేల మీద నడవదు. అందుకని రెండింటి మీదా పోయే బండిని మిర్యాలగూడలోని ఒక షెడ్డులో చెప్పి చేయించుకున్నాను. పాత మారుతి 800 ఇంజిన్‌నూ గేర్‌బాక్సునూ వెనుక పెట్టి, ఫైబర్ తొట్టి కట్టిన సంగతి ఇలాంటి బండ్లు ఎరిగినవారికి కొత్తేమీ కాదు. నేను రాయదలచినది నాలుగు చక్రాలకూ విడివిడిగా పెట్టించిన సస్పెన్షన్, అంటే కుదుపును మింగే స్ప్రింగుల అమరిక గురించి మాత్రమే.

కెనడాలో తయారయ్యే ఆర్గో వంటి ఆరు, ఎనిమిది చక్రాల బండ్లలో చాలావాటికి అసలు సస్పెన్షన్ ఉండదు. ఇరుసులు తొట్టి గోడల్లోంచి కదలని బేరింగుల మీద నేరుగా బయటికి వస్తాయి. తక్కువ గాలి పట్టిన లావాటి టైర్లే కుదుపును మింగాలి. మేస్త్రీ నాకూ అదే చేస్తానన్నాడు. నాకు నడుములో డిస్కు జరిగి ఉన్నందున నేనే పట్టుబట్టి స్ప్రింగులు పెట్టించాను. మొదటి ఏడాది ఆ నిర్ణయాన్ని కనబడిన ప్రతివారి ముందూ పొగుడుకున్నాను. ఒక చక్రం గుండు మీదికి ఎక్కుతుంటే మిగతా మూడూ నేలను వదలకుండా ఉండేవి, సీటు మాత్రం అంతగా ఒరిగేది కాదు. మూత సరిగా పట్టని ఇరవై లీటర్ల డీజిల్ డబ్బాను పక్కన పెట్టుకుని గుండ్ల మీదుగా మోటారు దాకా పోయినా చుక్క ఒలకలేదు. రాత్రి నడుముకు బామ్ రాసుకోకుండా పడుకున్నానంటే అది ఈ బండి పుణ్యమే.

రెండో ఏడాది నవంబరులో, నీళ్లు నిండుగా ఉన్నప్పుడు, రెండు బస్తాల యూరియా, డ్రిప్ పైపుల చుట్టలు వేసుకుని వాగు పాయకు అవతలి మడికి బయలుదేరాను. మధ్యలో సుమారు మూడు వందల మీటర్ల నీరు. టైర్ల గాడులే తెడ్లు కాబట్టి నీటిలో బండి మనిషి నడక కంటే వేగంగా పోదు. సగం దూరం పోయాక సీటు వెనక్కి వాలినట్టు అనిపించింది, కానీ బస్తా జరిగి ఉంటుందిలే అనుకున్నాను. కొంత దూరంలో పుట్టి మీద వల లాగుతున్న మనిషి, "అన్నా, ఎన్క కుంగుతుంది సూడు!" అని అరిచాడు. తిరిగి చూస్తే ఇంజిన్ కింద నీళ్లు నిలిచి ఉన్నాయి, ఫ్యాన్ బెల్టు వాటిని చిమ్ముతూ కీచుమంటోంది. నీళ్లు తోడే పంపు తిరుగుతోంది కానీ తోడడం లేదు. అంతకు ముందు వారం ఇదే తొట్టిలో పత్తి వేసుకు వచ్చాను, ఆ దూది దాని జల్లెడకు ముద్దగా పట్టుకుంది. లైఫ్ జాకెట్ ఉంది, అయితే సీటు కింద మడత పెట్టి ఉంది. వెనుక లేస్తుందేమోనని బస్తాలను ఒక్కొక్కటిగా ముందుకు ఈడ్చాను. ఇంజిన్ ఆపితే మళ్లీ పట్టుకోదన్న భయంతో ఆపలేదు. ఆయన పుట్టిని దగ్గరికి తెచ్చి వల తాడు కొక్కేనికి తగిలించి, తెడ్డు వేస్తూ ఒడ్డు వైపు లాగాడు. చక్రాలు నేలను తాకాక ఇద్దరం కలిసి పద్నాలుగు బకెట్ల నీళ్లు తోడాం. ఒక బస్తా యూరియా సగం కరిగి సాగర్‌లో కలిసింది.

నీళ్లు ఎలా వచ్చాయో తేలడానికి రెండు రోజులు పట్టింది. వెనుక చక్రాలను తిప్పే షాఫ్టులు తొట్టి గోడకు కోసిన నాలుగంగుళాల రంధ్రాల్లోంచి బయటికి వస్తాయి. చక్రంతో పాటు షాఫ్ట్ పైకీ కిందికీ ఊగుతుంది గనుక రంధ్రం చుట్టూ కొలిమి తిత్తి లాంటి మడతల రబ్బరు తొడుగు బిగించారు. ప్రతి వారం దాన్ని చూస్తూనే ఉన్నాను, ఎక్కడా చీలిక కనబడలేదు. చివరికి బండిని జాకీ మీద లేపినప్పుడు చక్రం కిందికి వేలాడి, మడతలు విచ్చుకుని, లోపలి మడతలో బొటనవేలంత చీలిక నోరు తెరిచింది. జాకీ దించగానే మూసుకుపోయింది. నేల మీద బండి బరువు స్ప్రింగులను అణచి ఉంచుతుంది. నీటిలో ఆ బరువును నీరే మోస్తుంది కాబట్టి స్ప్రింగులు పూర్తిగా సాగి, చక్రాలను కిందికి నెడతాయి. టైరు తేలే బలం స్ప్రింగు ముందు చాలదు. కొలిస్తే షాఫ్ట్ వాలు నేల మీద 6 డిగ్రీలు, వేలాడినప్పుడు 19 డిగ్రీలు. అంటే తొడుగు ఎక్కువగా సాగేదీ, షాఫ్ట్ వంగినా తిరగనిచ్చే కీలు, అదే సీవీ జాయింటు, ఎక్కువగా వంగి తిరిగేదీ చుట్టూ నీళ్లున్నప్పుడే. నేను అంతగా మెచ్చుకున్న స్ప్రింగులే ఈ పని చేశాయన్నది మింగుడుపడడానికి సమయం పట్టింది. మేస్త్రీ మాత్రం "నేను ముందే చెప్పలేదా సార్" అనలేదు. అని ఉంటే బాగుండేది.

మరమ్మతుకు 38,000 రూపాయలయింది. ఇప్పుడు తొట్టి గోడలో కదలని బేరింగు, రెండు ఆయిల్ సీళ్లు ఉన్నాయి. గోడలోంచి పొట్టి షాఫ్ట్ తిరుగుతుందే గాని ఊగదు, ఊగే సీవీ జాయింటు గోడకు బయట ఉంది. దాని బూటు, అంటే పైనున్న రబ్బరు తొడుగు, చిరిగితే జాయింటు పోతుంది, బండి మునగదు. ఇంజిన్ పక్కన ఖాళీల్లో థర్మోకోల్ దిమ్మెలు నింపించాను. చక్రాలు మరీ వేలాడకుండా, లారీల్లో లోడు బిగించే నైలాన్ బెల్టు ముక్కలను కట్టించాను.

ఈ బెల్టుల వల్ల చక్రం కిందికి దిగే జాగా మూడు అంగుళాలు తగ్గింది కాబట్టి, మొదటి ఏడాది గుండ్ల మీద చూసిన ఆ హాయి ఇప్పుడు అంత లేదు. పెద్ద గుండు దగ్గర వెనుక చక్రం ఒకటి గాలిలో తిరుగుతుంది. ట్రాక్టరుకున్నట్టు ఎడమ, కుడి బ్రేకులు వేరుగా పెట్టించుకున్నాను కనుక తిరిగే చక్రాన్ని తొక్కిపట్టి గట్టెక్కుతున్నాను. బయటి సీవీ బూట్లు ఏడాదిన్నరలో రెండుసార్లు మార్చాను. రెండోసారి విప్పినప్పుడు గ్రీజు మజ్జిగలా తెల్లగా కారింది. ముందు చక్రాలకు పవర్ లేదు, నిటారు ఒడ్డు ఎక్కాలంటే తాడు చుట్టి బండిని లాగే వించ్ తప్పదు. బండికి రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి తారు రోడ్డు ఎక్కించను.

ఇన్ని చెప్పినా స్ప్రింగులు తీయించే ఉద్దేశం నాకు లేదు, ఎందుకంటే నీటిలో గడిపేది రోజుకు పది నిమిషాలైతే, గుండ్ల మీద గడిపేది రెండు గంటలు, పైగా నడుము నాది. ఎక్కువ సేపు నీటి మీదే పని ఉండి, నడుము గట్టిగా ఉన్నవారికి కదలని ఇరుసులే చవకగా, నిశ్చింతగా ఉంటాయేమో. తమ్ముడి కొడుకు నా బండి లాంటిదే ఒకటి కట్టిస్తానంటున్నాడు. మేస్త్రీ నంబరు ఇచ్చాను, జాకీ మీద లేపి చూసుకోమని కూడా చెప్పాను.