బాలాజీ కాలనీ సందులో ప్రింటింగ్ షాపు: ఆటమ్‌ని పెంచేసిన అన్న

డిజైన్ కోర్సు మూడో ఏడాది ప్రాజెక్టుకి నేను తీసుకున్న టాపిక్ జపాన్ రోబో యానిమేషన్ చరిత్ర. 8 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు చార్టు, దాంతో పాటు 24 పేజీల చిన్న పుస్తకం. ప్రింట్ కోసం తిరుపతి బాలాజీ కాలనీలో ఒక సందు షాపుకి వెళ్ళాను. పెళ్ళి కార్డులు, ఫ్లెక్సీలు వేసే షాపు. ఆ రోజు ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలు నడుస్తున్నాయి. నా వంతు వచ్చేసరికి రాత్రి తొమ్మిది.

రోబోల బొమ్మలన్నీ నేనే గీశాను, అన్నిటినీ అసలు ఎత్తులో 75వ వంతుకి తగ్గించి. 1976లో వచ్చిన కాంబాట్లర్ వీ 57 మీటర్లు, చార్టు మీద 76 సెంటీమీటర్లు. 1972 మాజింగర్ జెడ్, 1979 గండమ్ చెరి 18 మీటర్లు, అవి 24 సెంటీమీటర్లకి వచ్చాయి. అన్నిటికన్నా ముందు, 1963 దగ్గర నిలబడ్డ ఆటమ్ (ఆస్ట్రో బాయ్) మాత్రం 135 సెంటీమీటర్ల రోబో పిల్లాడు. చార్టు మీద 1.8 సెంటీమీటర్లు, బొటనవేలి గోరంత. చుట్టూ అంతా తెల్లగా వదిలేశాను.

ప్రింట్ విప్పి చూస్తే ఆటమ్ మాజింగర్ భుజం దాకా ఎదిగిపోయి ఉన్నాడు!

"మరీ చిన్నగా ఉన్నాడు గదమ్మా, అంత జాగా వేస్టని నేనే పెంచినా" అన్నాడు ఆపరేటర్ అన్న. రోజూ ఫ్లెక్సీలో యాభై మంది ఫొటోలు ఇరికించే మనిషికి ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. మర్నాడు పదకొండుకి నా రివ్యూ. ఏడుపొక్కటే తక్కువ.

సరే, కూర్చుని మొదటినుంచి చెప్పాను. ఆటమ్‌కి తన బుర్ర తనదే, ఎవరూ నడపక్కర్లేదు. అదే ఏడు టీవీలోకి వచ్చిన టెట్సుజిన్ 28ని ఒక పిల్లాడు బయట నిలబడి రిమోట్‌తో ఆడిస్తాడు. మాజింగర్‌కి వచ్చేసరికి మనిషి రోబో తలలోకే ఎక్కి కూర్చుంటాడు. అన్న అంతా విని, "అంటే ముందు డ్రైవర్ లేడు, తర్వాత బయట ఉన్నాడు, తర్వాత క్యాబిన్‌లోకి ఎక్కినాడు. అది పెట్టకుండా వట్టి సంవత్సరాలు రాసినావేంది?" అన్నాడు.

మూడు నెలలుగా నేను తేదీల చుట్టూనే తిరిగాను మరి. అక్కడే ల్యాప్‌టాప్ తీసి, మనిషి ఉన్న చోటల్లా ఎర్ర చుక్క పెట్టాను. టెట్సుజిన్‌కి పక్కన, మాజింగర్‌కి తలలో, గండమ్‌కి పొట్టలో. కాంబాట్లర్‌ని నడిపేది ఐదుగురు కాబట్టి ఐదు చుక్కలు. ఆటమ్‌కి చుక్క లేదు, మళ్ళీ గోరంత అయ్యాడు. మర్నాడు సార్లు అడిగిన ప్రశ్నలన్నీ ఆ చుక్కల మీదే.

రంగుల విషయంలో మాత్రం అన్నకి వంక పెట్టలేం. స్క్రీన్ మీద చక్కగా ఉన్న గండమ్ ఛాతీ నీలం ప్రింట్‌లో వంకాయ రంగుకి తిరిగింది. మెజెంటా, అంటే ముదురు గులాబీ ఇంకు, ఎక్కువ పడితే అంతేనట. దాన్ని తగ్గించుకుంటూ మూడు చిన్న ముక్కలు టెస్ట్ తీశాడు, వాటికి డబ్బు తీసుకోలేదు.

వినైల్ చదరపు అడుగు 40 రూపాయలు, చార్టుకి 960. రెండో ప్రింట్‌కి సగం కట్టమన్నారు. తప్పు మీదైతే నేనెందుకు కట్టాలని అడిగితే ఓనర్ నవ్వి ఊరుకున్నాడు. ఆ 480 నాకింకా మంటే.

పుస్తకానికి సెంటర్ పిన్ బాగా కొట్టారు. కటింగ్‌లో ఒకచోట అంకె ఎగిరిపోయింది. గండమ్‌ని (మన గండంలాగే పలకాలి, దానికి వచ్చిందీ గండమే) టీవీలో 43 ఎపిసోడ్లకే ఆపేశారు. నా పుస్తకంలో 3 తెగిపోయి 4కే ఆగిపోయింది. అంకెని అంచుకి ఆనించి పెట్టింది నేనే, వాళ్ళని అనలేను.

వెళ్తే పొద్దున పదికల్లా వెళ్ళండి, ముహూర్తాల రోజుల్లో వద్దు. పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి. నాలాగా ఎవరైనా మార్చగలిగే ఓపెన్ ఫైల్ ఇచ్చి టీ తాగడానికి పోవద్దు.