పొందూరులో పంచెలు కొన్న దుకాణం గురించి

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఒక పెంకుటింటి ముందుగదిలో నడిచే ఖద్దరు దుకాణానికి గడిచిన ఏడాదిలో మూడుసార్లు వెళ్లాను. పేరు రాయవద్దని, రాస్తే వచ్చే జనానికి చూపించడానికి తన దగ్గర అంత సరుకు లేదని యజమాని చెప్పినందువల్ల దుకాణం పేరు రాయడం లేదు. అది వినయంతో అన్న మాట అనుకున్నాను గాని, నిజంగానే ఆయన దగ్గర అంత సరుకు ఉండదని తరువాత తెలిసింది.

మా నాన్నగారు బడిపంతులుగా పనిచేసి విరమించినవారు. ఆయన డెబ్బయ్యో పుట్టినరోజుకు పొందూరు పంచెల చాపు పెట్టాలనుకున్నప్పుడు, విజయనగరంలో ఉండి కూడా బద్ధకించి, ఒక పెద్ద ఊరి షోరూములో కొన్నాను. అక్కడ తలుపు తీసి పట్టుకున్నారు, కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు, గోడమీద గాంధీగారి పటానికి నూలుదండ కూడా వేసి ఉంది. అసలైన పొందూరు నూలు, వంద కౌంటు (కౌంటంటే నూలు సన్నదనం లెక్క) అని చెబితే అడిగినంతా ఇచ్చి తెచ్చాను. నాన్నగారు కళ్లజోడు సవరించుకుని, అంచును వేళ్ల మధ్య నలిపి చూసి, "బాగుందిరా" అని పెట్టెలో పెట్టేశారు. ఎన్నాళ్లయినా కట్టుకోలేదు.

ఆ చాపులో ఒక పంచెను నమూనాగా పట్టుకుని మొదటిసారి పొందూరు వెళ్లాను. ఈ దుకాణంలో స్వాగతాలేమీ ఉండవు. అరవై దాటిన యజమాని చాపమీద కూర్చునే ఉంటారు, లేవరు. కొనేవాళ్లవైపు ఫ్యాను లేదు. నేనిచ్చిన పంచెను తిరగేసి చూసి ఎంతకు కొన్నారని అడిగారు. ధర చెప్పాను. ఆయన మొహం ఏ మాత్రం మారలేదు. "బట్ట మంచిదే బాబూ, మన్నుతాది. మనూరి నూలు మాత్రం కాదు" అని మడతపెట్టి ఇచ్చేశారు. ఏ ఊళ్లో కొన్నారని అడగలేదు, ఆ షోరూమును పల్లెత్తు మాట అనలేదు. పోటీదారు మోసం చేతికి దొరికినప్పుడు ఊరుకోగల వ్యాపారిని నేను అంతకు ముందు చూడలేదు.

అసలు పరీక్ష ఆ తరువాత వచ్చింది, అదీ నా తెలివితక్కువవల్ల. ఆయన రెండు పంచెలు పరిచారు. ఒకటి తెల్లగా, నున్నగా, పోగులన్నీ గీత గీసినట్టు సమంగా ఉంది; రెండవది కొంచెం పచ్చని ఛాయతో, అక్కడక్కడా లావూ సన్నమూ అవుతున్న పోగులతో ఉంది. నేను మొదటిదాన్ని పట్టుకుని, "వంద కౌంటు ఇదే కదండీ" అన్నాను. అవునంటే సరిపోయేది. గిరాకీయే తప్పుగా చెప్పి డబ్బు తీస్తున్నప్పుడు ఆయన అబద్ధమాడవలసిన అవసరం కూడా లేదు, తల ఊపితే చాలు. ఆయన మాత్రం పంచెను నా చేతిలోంచి తీసుకుని, "ఇది అంబర చరఖా నూలు, పత్తి కూడా బయటిదే. దీనికి ఆ రెండోదాని ధరలో సగం కంటె తక్కువే అవుతాది" అని చెప్పారు. అంబర చరఖా అంటే ఒకేసారి పలు కదుళ్లమీద వడికే రాట్నం.

తరువాత రెండు పంచెల కొసలనుంచి ఒక్కొక్క పోగు లాగి, గుమ్మంలోకి వచ్చి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూపించారు. ఒంటి కదురు రాట్నం మీద చేతితో వడికిన నూలులో మనిషి చేతి తడబాటు కనబడుతుంది. సమంగా ఉన్నదే మేలైనదనుకోవడం మిల్లు బట్టకు అలవాటుపడ్డ నా కంటి తప్పు. సన్న నూలుకు వాడే కొండపత్తిని మొదట చేతితో ఏరి, వాలుగ చేప దవడ ఎముకకున్న సన్నని పళ్లతో దువ్వి చెత్త తీస్తారని, ఆ తరువాతే గింజ విడదీసి ఏకులు చుట్టి వడుకుతారని వివరించారు. ఆ దవడ ముక్క ఒకటి గల్లాపెట్టెలో ఉంది, నా వేలిమీద గీసి చూపించారు. దువ్వెనకంటె మెత్తగా, గరుకు కాగితంకంటె సన్నగా తగిలింది. ఇంగ్లీషు కౌంటు లెక్కలో వంద కౌంటంటే ఒక పౌను నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) వంద ఉండాలి, అంటే 84,000 గజాలు. అరకిలోకు కొంచెం తక్కువ బరువున్న ఆ నూలును పరిస్తే డెబ్బయ్యారు కిలోమీటర్లు దాటుతుంది. ఈ లెక్క విన్నాక ధర ఎందుకంత అని మళ్లీ అడగలేదు.

1921లో గాంధీజీ తన కుమారుడు దేవదాసు గాంధీని ఈ నూలు పని చూసి రమ్మని పొందూరు పంపారన్నది ఇక్కడ అందరూ చెప్పే విషయమే. అప్పటినుంచి ఈ బట్ట కట్టుకోవడమే ఒక యోగ్యతాపత్రం అయిపోయింది. మన ఊళ్లలో పెద్దమనిషి అన్న మాటకు సగం అర్థం ఇస్త్రీ నలగని తెల్లటి పంచె, కండువాయే కదా. తగవు తీర్చడానికి అరుగెక్కినవారిలో ఎందరు ఆ బట్టకు తగ్గట్టు నడుచుకున్నారో ఎవరి ఊరి సంగతి వారికి తెలుసు. ఆ బట్ట అమ్ముకునే ఈయన మాత్రం మోచేతుల దగ్గర అతుకులు వేసిన మిల్లు చొక్కా తొడుక్కుని ఉంటారు. ఎందుకని అడిగితే, తన పంచె తానే కట్టుకుంటే అమ్మడానికేం మిగులుతుందని నవ్వారు.

రెండవసారి వెళ్లినప్పుడు చూసినది నాకు ఇంకా ఎక్కువ నచ్చింది. ఒక నేతపనివాడు చొక్కా గుడ్డ తాను తెచ్చాడు. యజమాని దాన్ని బల్లమీద పరిచి, ముడత లేకుండా అరచేతితో సర్ది, లాగకుండా మీటరు బద్దతో కొలిచి డబ్బిచ్చారు. పావుగంట తరువాత అదే తానులోంచి నాకు మూడు మీటర్లు కోశారు. అప్పుడూ అలాగే, అరచేతితో సర్ది, లాగకుండా. గుడ్డ సాగుతుందని, కొనేటప్పుడు వదులుగా వదిలి అమ్మేటప్పుడు బిగలాగితే మీటరుకు రెండు వేళ్లు మిగులుతాయని బట్టల వ్యాపారం చేసిన మా మేనమామ చెప్పేవాడు. ఆ రెండు వేళ్లను అవతలివాడు పట్టుకోలేడు. తనమీద ఆధారపడి బతికే నేతగాడికీ, డబ్బు పట్టుకుని వచ్చిన నాకూ ఒకే కొలత వేసిన చెయ్యి అది. మంచితనమంటే తీయని మాటలని, పెద్దల ముందు వంగడమని చిన్నప్పుడు నేర్చుకున్నాను గాని, నాకిప్పుడు ఆ అరచెయ్యే గుర్తొస్తుంది.

లోపాలు లేకపోలేదు. బేరమాడితే ఆయన కసురుకుంటారు. నాతో వచ్చిన మిత్రుణ్ణి, పదిశాతం తగ్గించమన్నందుకు, వేరేచోట చూసుకోమని నిష్కర్షగా పంపేశారు. రసీదు రాయడానికి పట్టే సమయంలో ఒక కాఫీ తాగి రావచ్చు. రంగులు తక్కువ, జాందానీ చీరలు చెప్పి చేయించుకోవలసిందే, అవి ఆయన చెప్పిన గడువుకు పది రోజులు ఆలస్యంగా అందాయి. ఆలస్యమవుతుందని ముందుగా ఫోను చేయలేదు, నేనే చేసి తెలుసుకున్నాను. అబద్ధమాడని మనిషి కబురు కూడా పెట్టి ఉంటే బాగుండేది. ఐదింటికి నాలుగు మార్కులు ఇస్తున్నది అందుకే. కొన్న పంచెలు మాత్రం ఎనిమిది నెలలుగా చేతితో ఉతుకుతున్నా చెక్కుచెదరలేదు, నాన్నగారు బయటికి వెళితే అవే కడుతున్నారు.

వెళ్లదలచినవారికి ఒక సూచన. విజయనగరం నుంచి ప్యాసింజరు రైలులో పొందూరు స్టేషనులో దిగవచ్చు, కాని పొద్దున్నే బయలుదేరండి. మూడవసారి నేను చేరేసరికి చీకటిపడింది. మా బావగారికి మరో చాపు కావాలన్నాను. బీరువానిండా సరుకుంది, గదిలో ట్యూబులైటు వెలుగుతోంది, నా చేతిలో డబ్బు సిద్ధంగా ఉంది. "దీపం పెట్టాక సన్నబట్ట అమ్మను బాబూ, పోగు కనపడదు. రేపు పొద్దున్న రండి" అన్నారు. మరునాడు ఆఫీసు ఉందని ఎంత చెప్పినా బీరువా తలుపు తీయలేదు. రాత్రి బండికి ఖాళీ చేతులతో తిరిగివచ్చాను. వచ్చే ఆదివారం మళ్లీ వెళుతున్నాను.