తూర్పు ఎండా, పడమటి ఎండా: మొక్కకు ఏది మేలు?

మొక్క కొన్నప్పుడు కుండీకి గుచ్చిన చీటీ మీద ‘పూర్తి ఎండ’ అనో ‘పాక్షిక నీడ’ అనో రాసి ఉంటుంది. రోజుకు ఆరు గంటలు, ఆపైన నేరుగా ఎండ పడితే పూర్తి ఎండ. మూడు నుంచి ఆరు గంటలైతే పాక్షికం, అంతకు తక్కువైతే నీడ. లెక్క బాగానే ఉంది. కానీ ఆ గంటలు ఏ పూటవో చీటీ చెప్పదు. అసలు తేడా వచ్చేది అక్కడే.

ఇంటికి తూర్పున ఒక మడి, పడమర ఒక మడి ఉన్నాయనుకుందాం. రెండింటి మీదా నాలుగేసి గంటల ఎండే పడుతోంది. సూర్యుడు ఒకే ఎత్తులో ఉన్నప్పుడు ఉదయపు వెలుతురుకూ సాయంత్రపు వెలుతురుకూ పెద్ద తేడా ఉండదు. వేడి మాత్రం వేరు. నేలా గోడలూ కాగుతూ వస్తాయి కాబట్టి, రోజులోకెల్లా ఎక్కువ వేడి నడినెత్తి పొద్దుకు కాక రెండు, మూడు గంటలు దాటాక ఉంటుంది. తెల్లవారేసరికి మొక్క రాత్రంతా వేళ్లు తోడిన నీటితో నిండుగా ఉంటుంది. గాలిలోనూ చెమ్మ ఉంటుంది. ఆకు తన పత్రరంధ్రాలు తెరిచి తీరిగ్గా ఆహారం తయారు చేసుకుంటుంది. మధ్యాహ్నానికి గాలి పొడిబారుతుంది, నీరు తగ్గుతుంది, ఉన్న తేమను కాపాడుకోవడానికి ఆకు ఆ రంధ్రాలను మూసుకుంటుంది. అవి మూసుకుంటే బొగ్గుపులుసు వాయువు లోపలికి రాదు. వెలుతురు దండిగా ఉన్నా పని సాగదు.

అందుకే ఎంచుకునే వీలుంటే నా మొగ్గు తూర్పుకే. గులాబీకి మరీను. ఆకుల మీది మంచు పొద్దున్నే ఆరిపోతే నల్లమచ్చ తెగులు కలిగించే బూజుకు కావలసిన తడి దొరకదు. కనకాంబరం, బెగోనియా, కోలియస్ లాంటివి ఉదయం కాస్త ఎండ, తరువాత నీడ ఉంటే కళకళలాడతాయి. మందారం కూడా తూర్పున బాగానే ఉంటుంది, ఎండ పెరిగేకొద్దీ పూలు పెరుగుతాయన్నది వేరే సంగతి.

పడమర పనికిరాదని కాదు. కాగితం పూల తీగను తూర్పున మూడు గంటల ఎండలో పెడితే ఆకులు, కొమ్మలు తప్ప పెద్దగా ఏమీ కనిపించదు. అదే పడమటి గోడకు పాకించి, నీరు కాస్త బిగపట్టి పోస్తే రంగు విరగబడుతుంది. మనం పువ్వనుకునే ఆ రంగు రేకులు నిజానికి మారిన ఆకులే. దగ్గరికి వెళ్లి చూడండి, మధ్యలో సన్నని గొట్టాల్లా తెల్లగా కనిపించేవే అసలు పూలు. బిళ్లగన్నేరు, గడ్డి గులాబీ, ఎడారి గులాబీ, దేవగన్నేరు కూడా ఆ వైపు చక్కగా నిలుస్తాయి. గోడ పొద్దుగూకాక కూడా వేడి కక్కుతూ ఉంటుంది కనుక అక్కడ నల్ల ప్లాస్టిక్ కుండీలు వద్దు, వేళ్లు ఉడికిపోతాయి.

పడమటి మడిలో కోలియస్ మూడు గంటలకు తలవాల్చగానే చాలామంది పరుగున వెళ్లి నీరు పోస్తారు. ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి. తడి తగిలితే ఆగండి. మర్నాడు తెల్లవారేసరికి ఆకులు నిటారుగా ఉంటే అది ఎండ దెబ్బే, చోటు మార్చాలి. పొద్దున్నే కూడా వాలి ఉండి, మట్టి పొడిగా ఉంటే దాహం. మట్టి తడిగా ఉన్నా వాలిపోయి ఉంటే వేరు కుళ్లును అనుమానించాలి.

ఇక నీడ. గోడ నీడా, చెట్టు నీడా? నా లెక్కలో గోడ నీడే నయం. వెలుతురును కొలిచే లక్స్ లెక్కలో నడి మధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష ఉంటుంది. పైన ఆకాశం కనబడే గోడ నీడలో అందులో పదో వంతైనా దొరుకుతుంది. గుబురు చెట్టు కింద అంతకంటే చాలా తక్కువ. పైగా చెట్టు ఆకులు ఎర్రని కాంతిని తామే తాగేసి, పరారుణానికి అంచున ఉండే కాంతిని కిందికి వదులుతాయి. దాన్ని బట్టే కింది మొక్క తన నెత్తిన ఎవరో ఉన్నారని పసిగట్టి, సన్నగా సాగిపోతుంది. నేలలో నీటికి చెట్టు వేళ్లతో పోటీ ఎలాగూ ఉంది. ఫెర్న్, కలాడియం, సింగోనియం గోడ నీడలో పెట్టండి. చెట్టు కింద స్నేక్ ప్లాంట్ లాంటి మొండివాటిని, అదీ కుండీల్లో పెట్టడం మేలు, గొయ్యి తవ్వితే చెట్టు వేళ్లు తెగుతాయి. నీడలో మట్టి నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి ఎండ మొక్కలతో పాటు రోజూ నీరు పోయకూడదు. మనీ ప్లాంట్ మీది పసుపు చారలు మాసిపోయి ఆకు పచ్చగా తిరుగుతుంటే ఇంకొంచెం వెలుతురు కావాలన్నమాట.

నీడలో పెరిగిన ఆకు వెడల్పుగా, పలచగా ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా ఎండలోకి తెస్తే మాడిన మచ్చలు పడతాయి, అవి మళ్లీ పచ్చబడవు. వారం, పది రోజుల పాటు ఉదయపు ఎండతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఉత్తరార్ధగోళంలో దక్షిణాయనంలో గోడకు ఉత్తరం వైపు నీడ పొడవుగా సాగుతుంది. వేసవిలో ఎండ తగిలిన మడి శీతాకాలంలో పూర్తిగా నీడలోకి వెళ్లిపోవచ్చు. కుండీలైతే జరుపుకోవచ్చు.

ఉన్నదంతా పడమటి జాగానే అయితే? మడికి పడమటి అంచున ఎత్తుగా పెరిగే గట్టి మొక్కల వరుస వేయండి. మధ్యాహ్నం తరువాత వాటి నీడ తూర్పుకు, అంటే సుకుమారమైన వాటి మీదికి, వాలుతుంది. ఆ వరుసకు చాలామంది గన్నేరు వేస్తారు. ఎండకు దానికి సాటి లేదు గానీ ఆకు నుంచి వేరు దాకా విషమే. పసిపిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే ఇంట కాగితం పూలే వేసుకోండి.