ట్యూక్స్‌బరీ పాత పట్టణ నడక: యుద్ధానికి దక్కిన సమయం సందులకు దక్కలేదు

ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షర్‌లో, సెవెర్న్, ఏవన్ నదులు కలిసే చోట ఉన్న ట్యూక్స్‌బరీని ఒక స్థానిక మార్గదర్శి వెంట రెండు గంటలపాటు నడిచి చూశాను. బృందం చిన్నది, మార్గదర్శి గొంతు చివరి మనిషికీ వినపడుతుంది, ఎక్కడా తొందరపెట్టరు. నా అసంతృప్తి అంతా ఆ రెండు గంటలను ఆయన పంచిన తీరు మీదే.

నడక చర్చి దగ్గర మొదలవుతుంది. 1121లో ప్రతిష్ఠ జరిగిన ఈ మఠాలయానికి కావలసిన రాయి ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రాంతపు కాన్ గనుల నుంచి సముద్రం దాటి, సెవెర్న్ మీదుగా పడవల్లో వచ్చింది. పడమటి ముఖాన ఒకదాని లోపల ఒకటిగా చెక్కిన కమానుల ఎత్తు 65 అడుగులు, నడిమి గోపురం ఎత్తు 148 అడుగులు. లోపల అలంకారమేమీ లేని గుండ్రటి స్తంభాలు రెండు వరుసలుగా నిలబడి ఉంటాయి. వాటి పక్కన నిలుచుంటే తప్ప వాటి లావు తెలియదు. 16వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దు చేసినప్పుడు పట్టణవాసులు 453 పౌండ్లు చెల్లించి ఈ ఆలయాన్ని తమ చర్చిగా నిలుపుకున్నారు. అది గంటల లోహానికీ, పైకప్పు మీది సీసానికీ కట్టిన వెల. ఈ ఘట్టాన్ని మార్గదర్శి చక్కగా చెప్పారు. కట్టడాన్ని పాత లోహం ధరకు కొన్నారన్న మాటకు అందరం నవ్వాం.

ఆ తర్వాత, ఇంగ్లండ్ సింహాసనం కోసం యార్క్, లాంకాస్టర్ వంశాలు ఇక్కడ తలపడిన 1471 మే 4 నాటి యుద్ధం గురించి మార్గదర్శి వివరణ మొదలై, సుమారు నలభై నిమిషాలు సాగింది. లాంకాస్టర్ పక్షం ఓటమి, ఆ పక్షపు యువరాజు ఎడ్వర్డ్ మరణం, చర్చిలో తలదాచుకున్న ఆ పక్షపు సేనాని సోమర్‌సెట్ డ్యూక్‌ను బయటికి తెచ్చి శిరచ్ఛేదం చేయడం ముఖ్యమైన విషయాలే, కాదనను. కానీ ఏ పుస్తకంలోనైనా దొరికే వంశవృక్షాన్ని ఎండలో నిలబెట్టి వినిపించే బదులు, యార్క్ వంశపు రాజు నాలుగో ఎడ్వర్డ్ గెలుపుకు గుర్తుగా చర్చి పైకప్పులో బిగించిన సూర్య చిహ్నాలను ఒక్కసారి తలెత్తి చూడమంటే సరిపోయేది. వాటిని నేను తర్వాత ఒంటరిగా వెళ్లి చూశాను.

ఈ ఊరి అసలు విశేషం సందులు. చుట్టూ ఉన్న పల్లపు నేలను నదులు తరచూ ముంచెత్తడం వల్ల పట్టణానికి వెలుపలికి పెరిగే వీలు లేకపోయింది. అందుకే వీధి వైపు ఇరుకుగా, వెనక్కి పొడవుగా ఉండే పాత స్థలాల్లోనే, ముందున్న ఇంటి వెనక మరో ఇల్లు, దాని వెనక ఇంకొకటి కడుతూ పోయారు. వాటికి దారిగా మిగిలినవే ఈ సందులు. నూలు మేజోళ్లు అల్లే పనివాళ్ల కుటుంబాలు ఒకప్పుడు ఇలాంటి వెనకటి ఇళ్లలో కిక్కిరిసి బతికాయి. మొత్తం 90 వరకు ఉండేవని చెప్పే సందుల్లో నేడు 30 దాకా మిగిలాయి. ఒక సందులో రెండు భుజాలూ గోడలకు తగిలేలా నడుస్తూ చూస్తే, వీధి వైపు జార్జియన్ (18వ శతాబ్దపు) శైలి ఇటుక ముఖంతో హుందాగా కనిపించిన ఇల్లే, పక్క గోడలో వంగిపోయిన ఓక్ దూలాలనూ, వాటి మధ్య తడికకు మెత్తిన మట్టినీ బయటపెడుతుంది. పట్టణ చరిత్ర చదవాల్సింది ఇక్కడే, కానీ మేం చూసినవి మూడు సందులే, అవీ నడుస్తూ నడుస్తూనే.

వాటిలో ఒకటి పాత బాప్టిస్టు ప్రార్థనాలయానికి తీసుకువెళ్తుంది. మధ్యయుగపు నివాసగృహాన్ని 17వ శతాబ్దంలో ప్రార్థనాలయంగా మార్చారు. బయటి నుంచి చూస్తే అది ఇప్పటికీ మామూలు ఇల్లే. చర్చి వీధిలో 15వ శతాబ్దంలో మఠం అద్దెకిచ్చేందుకు కట్టించిన దుకాణాల వరుస దగ్గర మాత్రం మార్గదర్శి నిజంగా తీరిక చేసుకున్నారు. పై అంతస్తు వీధి మీదికి ఎందుకు ముందుకు పొడుచుకు వచ్చిందో, కింది గది దుకాణంగానూ పై గది నివాసంగానూ ఎలా పనిచేసేవో దూలాలను చూపిస్తూ వివరించారు. మొత్తం నడకలో ఉత్తమమైన పావుగంట అదే.

చివర మిల్లు దగ్గర ఏవన్ ఒడ్డుకు చేరతాం. 2007 జూలై వరదలో చుట్టూ నీళ్లుండగా చర్చి దీవిలా నిలిచిన ఫొటోను అక్కడ చూపించారు. దాన్ని సందుల ముందు చూపించి ఉంటే, ఆ ఇరుకుకు కారణం మాటలు లేకుండానే అర్థమయ్యేది.

వాస్తుకళ మీద ఆసక్తి ఉన్నవారికి ఐదింటికి మూడున్నర ఇస్తాను, యుద్ధాల మీద ఆసక్తి ఉన్నవారు నాలుగున్నర ఇచ్చుకోవచ్చు. వాన పడిన మరునాడు సందుల్లోని రాళ్లు జారతాయి కనుక గట్టి బూట్లు అవసరం. థామస్ టెల్‌ఫోర్డ్ రూపకల్పనలో 1826లో సెవెర్న్ మీద వెలసిన, ఒకే అంగలో 170 అడుగులు దాటే మైత్ పోత ఇనుప వంతెన ఈ నడకలో లేదు. ఊరికి ఉత్తరాన ఉన్న దాని దగ్గరికి విడిగా నడిచి వెళ్లాలి.